ఎర్ర బూట్లు: తొడిగిన పాదం, కుట్టిన చెయ్యి

ఆ మధ్య ఒక సాహిత్య సదస్సులో హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ రాసిన 'ఎర్ర బూట్లు' కథ మీద పత్రం చదివాను. పత్రం బాగానే సాగింది. ప్రశ్నలూ బాగానే వచ్చాయి. అసలు చర్చ మాత్రం టీ విరామంలో, నా కాళ్ళకున్న చెప్పుల మీద జరిగింది. ఆ రోజు నల్ల అంచున్న బూడిదరంగు నూలు చీర కట్టుకుని, ఎర్ర తోలు హైహీల్స్ వేసుకున్నాను. మూడంగుళాల మడమ.

ముందు ఒక పెద్దావిడ అడిగారు. ఎమ్మే రోజుల్నుంచీ ఆవిడ వ్యాసాలు చదువుతూ పెరిగినదాన్ని నేను. "పాదాలు నరికించుకున్న పిల్ల గురించి అంత బాధగా మాట్లాడి, ఇవేసుకుని నిలబడ్డావేంటమ్మా?" అన్నారు నవ్వుతూనే. నేను నోరు తెరిచేలోపే నా ఈడు అధ్యాపకురాలొకామె నా తరఫున అందుకుంది. "అది ఆమె ఇష్టం కదా మేడం. మన ఒంటి మీద ఏముండాలో మనమే తేల్చుకోవాలని నేర్పింది మీరే కదా" అంది. అందరం నవ్వాం. అదే ఊపులో ఆమె తన ఆకుపచ్చ హీల్స్‌కి వానాకాలం బూజు పట్టిందనీ, ఏం చెయ్యాలో తెలీడం లేదనీ అంది. ప్లాస్టిక్ సంచిలో పెట్టి ముడెయ్యొద్దని చెప్పాను. పాత పేపరు ఉండచుట్టి లోపల కుక్కమన్నాను. అసలది తోలేనా కాదా అన్నది బొటనవేలితో నొక్కి ఎలా చూడాలో నా చెప్పు విప్పి చూపించాను. "ఇవన్నీ మీకెలా తెలుసండీ?" అని ఆమె ఆశ్చర్యపోయింది. అప్పుడు పక్కనున్న మూడో మనిషి, గొంతైనా తగ్గించకుండా, చాలా మామూలుగా అన్నారు: "వాళ్ళకి తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది!"

ఎవరూ ఏమీ అనలేదు. నేనూ అనలేదు. చెప్పు తొడుక్కుని లోపలికి వెళ్ళిపోయాను. ఆ రోజు చెప్పలేకపోయిన జవాబే ఈ వ్యాసం.

ఆ మూడు మాటల్నీ చాలా రోజులు పక్కపక్కన పెట్టుకుని చూశాను. మొదటిది బాధ గురించి. రెండోది ఇష్టం గురించి. ఎత్తు మడమల చెప్పుల మీద స్త్రీవాదుల మధ్య జరిగిన వాదన చాలావరకు ఈ రెండింటి మధ్యే నడిచింది. రెండూ చెప్పు వేసుకున్న స్త్రీ దగ్గరే ఆగిపోతాయి. మూడో మాట కులాహంకారంలోంచి వచ్చింది. కానీ ఆ ఒక్క మాటే, తనకు తెలీకుండానే, చెప్పును చేసిన మనుషుల వైపు వేలు చూపింది. ఆ వైపు నుంచి ఆండర్సన్ కథను మళ్ళీ చదవాలనిపించింది. నా పత్రంలో నేను చెయ్యకుండా వదిలేసిన పని కూడా అదే.

'ఎర్ర బూట్లు' 1845లో వచ్చింది. కారెన్ అనే పేద పిల్ల. అనాథ అయ్యాక ఒక ముసలి దొరసాని పెంపకంలోకి వెళ్తుంది. చర్చిలో మతదీక్ష తీసుకునే రోజున నిగనిగలాడే ఎర్రతోలు బూట్లు వేసుకుంటుంది. ప్రార్థన మీద మనసు నిలవదు, బూట్ల మీదే ఉంటుంది. పెంచిన తల్లి మంచాన పడితే వదిలేసి నాట్యానికి వెళ్తుంది. బూట్లు ఆమెను ఆగనివ్వవు. రాత్రింబవళ్ళు, ముళ్ళల్లో రాళ్ళల్లో ఆడిస్తూనే ఉంటాయి. చివరికి తలారి ఇంటికి వెళ్ళి, తల నరకొద్దు, పాదాలు నరకమని వేడుకుంటుంది. అతను నరుకుతాడు. తెగిన పాదాలతో బూట్లు ఆడుకుంటూ అడవిలోకి వెళ్ళిపోతాయి. ఆ పిల్ల గొడ్డలి పట్టిన చేతిని ముద్దు పెట్టుకుని కర్రకాళ్ళ మీద వెళ్ళిపోతుంది. పశ్చాత్తాపంతో పాస్టరు ఇంట్లో పనికి కుదిరి, గుండె పగిలి చనిపోయి స్వర్గానికి చేరుతుంది.

స్త్రీవాదులు ఈ కథను వదల్లేదు. వదిలే కథా కాదు. అమెరికన్ కవయిత్రి ఆన్ సెక్స్‌టన్ 1972లో ఇదే పేరుతో కవిత రాసింది. అందులో ఆ బూట్లు తరం నుంచి తరానికి ఆడవాళ్ళ మధ్య అందుతూ, దాచుకోవాల్సిన వస్తువుగా మారతాయి. మార్గరెట్ ఆట్‌వుడ్ నవల 'లేడీ ఒరాకిల్' (1976) కథానాయికను ఈ కథ మీద వచ్చిన సినిమా జీవితమంతా వెంటాడుతుంది. శాండ్రా గిల్బర్ట్, సుసాన్ గుబార్ 1979లో తెచ్చిన 'ది మ్యాడ్‌వుమన్ ఇన్ ది ఆటిక్'లో స్నోవైట్ కథలోని సవతితల్లి రాణి కాల్చిన ఇనుప బూట్లతో చనిపోయేదాకా ఆడటాన్ని, కథలల్లే స్త్రీకి పడిన శిక్షగా చదివారు. వీళ్ళందరి నుంచీ నేను నేర్చుకున్నాను. నా పత్రం కూడా ఆ దారిలోనే నడిచింది. కోరిక కలిగిన ఆడపిల్లను పితృస్వామ్యం ఎలా నరుకుతుందో చూపించి ముగించాను.

మళ్ళీ చదివినప్పుడు కనిపించింది, కథలో ఎర్ర బూట్లు ఒక్క జత కాదు, రెండు జతలని.

మొదటి జత మొదటి పేజీలోనే వస్తుంది. కారెన్ ఎండాకాలం ఉత్త కాళ్ళతో, చలికాలం మోటు చెక్కబూట్లతో తిరిగేది. ఒరిపిడికి పాదాలు ఎర్రగా కందిపోయేవి. ఆ ఊళ్ళోనే చెప్పులు కుట్టేవాళ్ళింటి ముసలమ్మ ఒకామె, పాత ఎర్రగుడ్డ పీలికలు చేర్చి, తన చేతనైనట్టుగా ఒక జత కుట్టి ఇస్తుంది. అందంగా కుదరకపోయినా ప్రేమతో కుట్టిన బూట్లవి. తల్లిని పూడ్చిపెట్టే రోజున కారెన్ అవి వేసుకునే శవపేటిక వెనక నడుస్తుంది. వేరేవి లేవు మరి. బండిలో వెళ్తున్న దొరసాని ఆమెను చూసి జాలిపడి తీసుకెళ్తుంది. ఇంటికి చేరగానే ఆ బూట్లు అసహ్యంగా ఉన్నాయంటుంది. వాటిని కాల్చేస్తారు.

రెండో జత పట్నంలో అద్దాల బీరువాలున్న పెద్ద షాపులోది. ఒక జమీందారు బిడ్డ కోసం కుట్టినది. ఆ బిడ్డకు సరిపోలేదు కాబట్టి అమ్మకానికి వచ్చింది. మెరుపును పట్టి అది మేలైన తోలని దొరసాని గుర్తిస్తుంది. ఎరుపని మాత్రం గుర్తించలేదు, చూపు ఆనదు కాబట్టి.

విమర్శకులందరి కళ్ళూ ఈ రెండో జత మీదే ఉన్నాయి. నా కళ్ళూ అంతే. కానీ కథలో మొదటి హింస తలారి గొడ్డలితో మొదలవ్వలేదు. ఒక పేద ముసలమ్మ చేతిపనిని పొయ్యిలో వెయ్యడంతో మొదలైంది. అక్కడ ఎవరూ ఏడవరు. దేవదూత రాడు. ఆ ముసలమ్మ ఇక కథలో కనిపించదు. చేసిన మనిషి తెలిసిన చెప్పు బూడిదయ్యాక, చేసినవాళ్ళెవరో తెలీని చెప్పు వచ్చింది. మనిషిని ఆడించి చంపేది ఈ రెండోదే.

క్లారిస్సా పింకోలా ఎస్టెస్ తన 'విమెన్ హూ రన్ విత్ ది వుల్వ్స్' (1992)లో ఈ మొదటి జతను గుర్తించింది. చేత్తో చేసుకున్న బతుకును పోగొట్టుకోవడమే కారెన్ పతనానికి మొదలని చెప్పింది. చాలా విలువైన పరిశీలన. కానీ ఆమె చెప్పిన కథారూపంలో ఆ పిల్లే గుడ్డముక్కలు పోగుచేసి తన బూట్లు తానే కుట్టుకుంటుంది. ముసలమ్మ అక్కడ లేనే లేదు. కుట్టిన ఆమెను ఆండర్సన్ ఒక వాక్యంలోనైనా ఉంచాడు. ఆడవాళ్ళ కోసం మళ్ళీ చెప్పిన కథలో ఆ వాక్యం కూడా పోయింది.

ఆండర్సన్ ఆ వాక్యం ఎందుకు రాశాడో అతని బతుకే చెబుతుంది. అతను ఓడెన్స ఊళ్ళో చెప్పులు కుట్టే మనిషి కొడుకు. తల్లి బట్టలుతికేది. 1855లో వచ్చిన ఆత్మకథలో రెండు సంగతులు రాశాడు. ఒకటి, మతదీక్ష నాడు జీవితంలో మొదటిసారి తొడుక్కున్న కొత్త బూట్ల గురించి. అందరికీ కనబడాలని ప్యాంటును బూట్ల లోపలికి దోపుకున్నాడట. నడుస్తుంటే కిర్రుకిర్రుమంటుంటే, కొత్తవని అందరికీ వినబడుతోందని సంబరపడ్డాడట. దేవుడి కంటే బూట్లే తలపుకొస్తున్నాయని లోపల కుమిలిపోయాడట. 'ఎర్ర బూట్లు' కథ ఆ జ్ఞాపకంలోంచే పుట్టిందని తనే చెప్పుకున్నాడు. అంటే కారెన్ పాదాలు నరికింది ఆడపిల్ల కోరికకు జడిసిన మగవాడు మాత్రమే కాదు. మంచి బూట్లు వేసుకునే హక్కు తనకుందని నమ్మలేకపోయిన పేద పిల్లాడు కూడా. అలాగని శిక్ష ఆడపిల్లకు ఎందుకు వేశాడన్న మన ప్రశ్న పక్కకు పోదు. అతను బూట్లేసుకుని రచయితయ్యాడు. కారెన్ పాదాలు పోగొట్టుకుంది.

రెండో సంగతి ఇంకా పదునైనది. ఒక జమీందారిణికి ఊళ్ళో చెప్పులు కుట్టే మనిషి కావలసి వచ్చాడు. ఇల్లూ, తోటా, ఆవుకి మేతా ఇస్తారని కబురు. పనితనం చూడడానికి నాట్యానికి వేసుకునే జోళ్ళు ఒక జత కుట్టి తెమ్మన్నారు. పట్టుగుడ్డ ఆమె ఇచ్చింది. తోలు అతను పెట్టుకోవాలి. ఇంటిల్లిపాదీ ఆ జత మీద ఆశలు పెట్టుకున్నారు. తీరా తీసుకెళ్తే ఆమె కాళ్ళకు తొడిగి కూడా చూడలేదు. పట్టు పాడుచేశావని చీదరించుకుంది. మీ పట్టు పాడైతే నా తోలూ పాడవనివ్వండని, ఆండర్సన్ తండ్రి అక్కడికక్కడే కత్తి తీసి అడుగు తోళ్ళు కోసేశాడు. ఇల్లు చేరాక ముగ్గురూ ఏడ్చారట.

నాట్యపు జోళ్ళు, కత్తి, కోత అన్నీ ఇక్కడే ఉన్నాయి. కథలో కత్తి తలారి చేతికి వెళ్ళింది. కోత పిల్ల పాదాల మీద పడింది. జీవితంలో మాత్రం కత్తి పట్టుకున్నది పనివాడు. తన తోలు తనదేనని చెప్పడానికి పట్టుకున్నాడు.

1948లో మైకేల్ పవెల్, ఎమెరిక్ ప్రెస్‌బర్గర్ తీసిన 'ది రెడ్ షూస్' సినిమాకి వచ్చేసరికి ఈ మార్పు పూర్తయింది. నాట్యం కావాలో ప్రేమ కావాలో తేల్చుకోలేక నలిగే విక్టోరియా పేజ్ కథ అది. మోయిరా షియరర్ ఆ పాత్ర వేసింది. రంగుల కోసం, ఆమె నాట్యం కోసం నేను ఆ సినిమాని ఎన్నిసార్లు చూశానో. సినిమా లోపలి నాట్యరూపకంలో చెప్పులు కుట్టేవాడే మాయగాడు. లియోనిడ్ మాసిన్ ఒళ్ళంతా వంకర్లు తిప్పుతూ, ఎర్రబూట్లు చూపించి పిల్లకు ఎర వేస్తాడు. ఆమె చనిపోయాక బూట్లు తీసుకుని, ఇంకెవరికి తొడగనా అన్నట్టు మన వైపు చాపుతాడు. ప్రేమతో గుడ్డ పీలికలు కుట్టిన ముసలమ్మ నూరేళ్ళు దాటేసరికి ఆడవాళ్ళను చంపే భూతమైంది. నా పరిశోధన రోజుల్లో ఈ దృశ్యం మీద ఇరవై పేజీలు రాశాను. చెప్పులు కుట్టేవాణ్ణి భూతంగా చూపించడం గురించి ఒక్క వాక్యం రాయలేదు. కనబడక కాదు. రాస్తే, నీకెందుకు కనబడిందని ఎవరైనా అడుగుతారని.

మా తాత తోలు ఊనేవాడు. మా ఊళ్ళో మాదిగవాడ చివర లంద ఉండేది. పచ్చితోలును సున్నపు నీళ్ళలో వేసి, వెంట్రుక ఊడేదాకా ఉంచి, రంపెతో గీకి, తంగేడు చెక్క నానిన నీళ్ళలో వారాల తరబడి ఊరబెట్టేవాళ్ళు. చెట్ల వెంట తిరిగి తంగేడు చెక్క కొట్టుకొచ్చేదీ, దంచేదీ, నీళ్ళు మోసేదీ మా నాయనమ్మ. తోలుపని అంటే మగవాళ్ళ పని అని పుస్తకాల్లో చదివినప్పుడల్లా మరకపడ్డ ఆమె అరచేతులు గుర్తొస్తాయి. ఆ తోలుతో మోటబొక్కెనలూ చెప్పులూ అయ్యేవి. పటేలు కోసం కిర్రుచెప్పులు కుట్టేవాడు తాత. పటేలు వస్తున్నాడని ఆ కిర్రు ముందే చెప్పాలి. ఆండర్సన్ బూట్ల చప్పుడు గురించి చదివినప్పుడు నాకు ముందు వినిపించింది ఆ కిర్రే. ఆ చప్పుడును తయారుచేసిన మా తాత మాత్రం పటేలు ఇంటి ముందు నుంచి వెళ్ళేటప్పుడు తాను కుట్టుకున్న చెప్పులు తానే విప్పి చేత పట్టుకునేవాడు.

మా నాన్న చదువుకుని టీచరయ్యాడు. టౌనుకి వచ్చేటప్పుడు తాత ఆరె, రంపె గుడ్డలో చుట్టి ట్రంకుపెట్టె అడుగున పెట్టాడు. పారెయ్యలేదు, ఎవరికీ చూపించనూ లేదు. సెక్స్‌టన్ కవితలో వారసత్వంగా అందేదీ, సిగ్గుతో దాచేదీ ఒకే వస్తువు. మా ఇంట్లో ఆ వస్తువు బూట్లు కాదు, ఆరె.

పరిశోధక విద్యార్థిగా మొదటి ఫెలోషిప్ డబ్బులు చేతికొచ్చాక నేను కొనుక్కున్నవే ఈ ఎర్ర హీల్స్. ఎలా ఎంచానో ఇప్పుడు దాచకుండా చెప్తాను. సాయంత్రం పూట వెళ్ళాను. రోజంతా తిరిగాక పాదాలు కొంచెం ఉబ్బుతాయి, అప్పుడు సరిపోయినవే ఎప్పుడూ సరిపోతాయి. జతను బల్ల మీద నిలబెట్టి వెనక నుంచి చూశాను. రెండు మడమలూ నిటారుగా ఉండాలి, వేలితో తోస్తే ఊగకూడదు. నడుము దగ్గర వంచి చూశాను. మడమకీ మునిపాదానికీ మధ్య అడుగున సన్నని ఉక్కు పట్టీ ఉంటుంది. ఎత్తు మడమ చెప్పు నిలబడేదే దాని మీద. అక్కడ వంగితే ఆ చెప్పు మనిషిని మొయ్యలేదు. బొటనవేలితో పైతోలు నొక్కాను. అసలు తోలైతే సన్నటి ముడతలు చుట్టూ పాకి, వేలు తియ్యగానే సర్దుకుంటాయి. రెక్సిన్ గుంటపడి ఊరుకుంటుంది. కోసిన అంచులో పీచు కనబడాలి. తడిచేసిన తెల్లగుడ్డతో లోపలివైపు రుద్ది, రంగు దిగుతోందేమో చూశాను. ఇవన్నీ చేస్తుంటే షాపతను నన్ను అనుమానంగా చూశాడు. మా తాత చూసుంటే ఆనందించేవాడు.

పూసుకునే దగ్గర మాత్రం పొరపాటు చేశాను. ఊళ్ళో చెప్పులకు ఆముదం పట్టిస్తారు. తోలు మెత్తబడుతుంది, నీళ్ళు పీల్చదు. నేనూ అలాగే ఒక హీల్‌కి ఆముదం రాశాను. తెల్లారేసరికి బొటనవేలి దగ్గర ఎరుపు నల్లబడి మరకైంది. తాత తోలు వేరు, ఈ తోలు వేరని ఆ రోజు తెలిసింది. తంగేడుతో ఊనిన తోలుకు తనదైన లేత గోధుమరంగు ఉంటుంది. షాపుల్లో మనం మురిసిపోయే ఎరుపు, పసుపు, నెమలికంఠం రంగులు ఎక్కువగా క్రోమియం లవణాలతో ఊనిన తోలు మీద వచ్చేవి. అది వారాల పనిని గంటల్లోకి కుదించింది. ఊనగానే తోలు నీలంగా ఉంటుంది, ఆ పైన ఏ రంగైనా వేస్తారు. దానికి ఆముదం పనికిరాదు. పొడిగుడ్డతో తుడిచి, రంగులేని క్రీము కొద్దిగా, అదీ ముందు కనబడని చోట రాసి చూశాక, పట్టించాలి. తడిస్తే నీడలో ఆరబెట్టాలి. రెండు రోజులు వరసగా వెయ్యకూడదు, చెమట ఆరనివ్వాలి.

ఆ రంగుల వెల పాలారు నదికి తెలుసు. తమిళనాడులో ఆంబూరు, వాణియంబాడి, రాణిపేట తోళ్ళ కర్మాగారాల మురుగు తాగే నీళ్ళనూ పొలాలనూ పాడుచేస్తోందని వెల్లూరు పౌరులు వేసిన కేసులో 1996లో సుప్రీంకోర్టు, పాడుచేసినవాళ్ళే పరిహారం కట్టాలని తీర్పిచ్చింది. పర్యావరణ న్యాయంలో పెద్ద మలుపుగా ఆ తీర్పును చదువుకుంటాం. అదే ఆంబూరులో విదేశీ కంపెనీల కోసం బూట్ల పైతోళ్ళు కుట్టే పనివాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. కొందరు ఫ్యాక్టరీలో మిషన్ల మీద, కొందరు ఇళ్ళల్లో జతకింతని. ఆండర్సన్ ముసలమ్మ చచ్చిపోలేదు. పేరు లేకుండా బతికే ఉంది. మరోవైపు పారిస్‌లో క్రిస్టియన్ లూబుటాన్ 1993లో తన దగ్గర పనిచేసే అమ్మాయి గోళ్ళరంగు తీసుకుని చెప్పు అడుగున పూసి చూశాడు. ఆ ఎర్ర అడుగు అతని గుర్తయింది. 2012లో అమెరికాలో, 2018లో ఐరోపాలో కోర్టులు ఆ హక్కుకు రక్షణ ఇచ్చాయి. ఎరుపుకు యజమాని దొరికాడు. కుట్టినవాళ్ళకు పేరు దొరకలేదు.

ఇదంతా చెప్పి, హీల్స్ వల్ల నొప్పి అబద్ధమని నేననడం లేదు. మడమ లేచేకొద్దీ ఒంటి బరువు మునివేళ్ళ మీద పడుతుంది. వేసుకునేదాన్ని కాబట్టి నాకు తెలుసు. అది ఉద్యోగానికి షరతైతే హింసే. 2015 డిసెంబరులో లండన్‌లో నికోలా థార్ప్ అనే రిసెప్షనిస్టు హీల్స్ వేసుకోనన్నందుకు జీతం లేకుండా ఇంటికి పంపారు. ఆమె పెట్టిన వినతికి లక్షా యాభై వేలకు పైగా సంతకాలు పడ్డాయి. 2019లో జపాన్‌లో యూమి ఇషికావా మొదలుపెట్టిన 'కుటూ' ఉద్యమం పేరే బూట్లు, బాధ అనే రెండు జపనీ మాటల కలయిక. ఆ పోరాటాలు నావి కూడా. పెద్దావిడ అడిగిన ప్రశ్న సరైనదే. నేను అడిగేది, ఆ ప్రశ్న మడమ దగ్గర ఎందుకు ఆగిపోయిందని. చెప్పు లోపలి పాదానికి నొప్పుంటే, సున్నపు నీళ్ళలో ఒరిసిన చేతికి లేదా?

ఇష్టం గురించి నా తరఫున మాట్లాడిన మిత్రురాలికీ ఒక మాట. నా తాత ఊరి వీధిలో వేసుకోలేకపోయిన చెప్పును, అందులోనూ చప్పుడు చేసే చెప్పును, ఎర్ర రంగుదాన్ని, నేను విశ్వవిద్యాలయం వరండాలో వేసుకుని నడిచినప్పుడు అది ఒక్క నా ఇష్టం మాత్రమే కాదు. ఛాయిస్ అనే మాటలో అంత చరిత్ర పట్టదు. 'నీలిమేఘాలు' (1993) మన శరీరాల గురించి మాట్లాడే ధైర్యం ఇచ్చింది. గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన 'నల్లపొద్దు' ఆ శరీరం ఏ వాడలోది, ఏ పని చేసిందని అడగడం నేర్పింది. చెప్పు దగ్గరకొచ్చేసరికి ఈ రెండో ప్రశ్న నేనూ మరిచాను. మరిచానని అనడం కూడా అబద్ధమే, దాచాను.

మూడో మనిషికి ఇవ్వాల్సిన జవాబు ఇక చిన్నది. అవును, మాకు తెలుసు. పుట్టుకతో రాలేదు. సున్నం ఎంతసేపు, తంగేడు ఎంత, ఏ తోలు ఎటు సాగుతుంది అన్నది తరాలపాటు చేసి, చూసి, తప్పులు చేసి నేర్చుకున్న విద్య. మీరు వెక్కిరింపుగా అన్నది మా ఇంటి పాండిత్యం.

మొన్న వానల్లో నా నడక చప్పుడు మారింది. మడమ అడుగున ఉండే రబ్బరు బిళ్ళ అరిగి, లోపలి మేకు నేలకు తగులుతోంది. అలాగే నడిస్తే మడమే విరుగుతుంది. బస్టాపు పక్కన గొడుగు కింద కూర్చునే తాత దగ్గరికి తీసుకెళ్ళాను. అంతకుముందు రెండుసార్లు అతను ఏ ఊరు బిడ్డా అంటే జిల్లా పేరు చెప్పి ఊరుకున్నాను. ఈసారి అతను బిళ్ళ పీకుతూ వేళ్ళ దగ్గరి మరక చూశాడు.

"ఇది ఆముదం మరక గదా. దీనికి ఆముదం పెట్టుమని ఎవరు చెప్పిన్రు బిడ్డా?"

"ఎవరు చెప్పలే తాతా. మా తాత చెప్పులకు ఆముదమే పెడుతుండె."

చేతిలో పని ఆపి నా వైపు చూశాడు. "మీరెవరు బిడ్డా?"

"మాదిగోళ్ళమే."

"గట్లనా" అని మళ్ళీ పనిలో పడ్డాడు. కొత్త బిళ్ళ కొట్టి, అంచు చెక్కి, రెండు మడమలూ పక్కపక్కన నిలబెట్టి చూసుకున్నాడు. "మరి ఆరె పట్టొస్తదా నీకు?"

"రాదు తాతా."

"నేర్సుకో. సదువుకున్నోళ్ళకు రావద్దని ఏమన్న ఉన్నదా?" అని నవ్వాడు. డబ్బులు మాత్రం తీసుకున్నాడు. తీసుకోవాలి కూడా.

ఈసారి ఇంటికెళ్ళినప్పుడు ట్రంకుపెట్టె తియ్యమని నాన్నను అడగాలి. ఆ పత్రాన్ని కూడా మళ్ళీ రాస్తున్నాను. ఈసారి అది తలారి ఇంటి దగ్గర మొదలవ్వదు, గుడ్డ పీలికలు కుడుతున్న ముసలమ్మ దగ్గర మొదలవుతుంది.